రికవరీ డిస్కు పెట్టే ముందు

షాబాన్ పరీక్షలు ముగిసి మద్రసాకు సెలవులిచ్చిన వారంలో మా వీధిలోని ఒక సోదరి తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చారు. ఆ అమ్మాయి చేతిలో గుడ్డసంచి. అందులో పాత దుప్పటి ముక్కలో చుట్టిన ల్యాప్‌టాప్, దాని ఛార్జరు, ఒక ప్లాస్టిక్ డబ్బాలో మూడు డీవీడీలు. డీవీడీల మీద నల్లటి మార్కరుతో 1/3, 2/3, 3/3 అనీ, కింద 2010 అనీ రాసి ఉంది. ఆ చేతివ్రాత నాకు బాగా తెలుసు. ఆమె భర్త మా కర్నూలు పాతబస్తీలో డీటీపీ పని చేసేవారు. పెళ్ళి శుభలేఖలు, దుకాణాల కరపత్రాలు, మా మద్రసా ప్రశ్నపత్రాలు సైతం ఆయన చేతి మీదుగానే తయారయ్యేవి. ఆయన కన్నుమూసి నాలుగేళ్ళయింది.

“మౌల్వీసాబ్, పిల్ల డిగ్రీలో చేరింది. కొత్తది కొనిపెట్టే స్తోమత నాకు లేదు. ఇది ఆన్ చేస్తే కంపెనీ గుర్తు కనిపిస్తుంది, ఆ తర్వాత నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక వరుస వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఈ డిస్కు పెడితే మళ్ళీ కొత్తదానిలా అవుతుందని వాళ్ళ అబ్బా చెబుతుండేవారు. పెట్టి చూశాం. డిస్కును కూడా తీసుకోవడం లేదు” అన్నారామె.

మౌల్వీకి కంప్యూటరుతో ఏం పని అని కొందరు పాఠకులు లోగడ అడిగారు. ఉర్దూ ప్రశ్నపత్రాలను ఇన్‌పేజ్‌లో కొట్టుకోవలసి వచ్చిన రోజుల్లో అవసరం కొద్దీ నేర్చుకున్న విద్య ఇది; పాండిత్యమేమీ లేదు. అయితే ఈ సమస్య మన ఇళ్ళలో చాలా చోట్ల ఉన్నదే. అటక మీదనో అలమరలోనో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటుంది. పిల్లలకు అవసరం పడినప్పుడు దాన్ని దించుతారు. అది లేవదు. దానితోపాటు దాచిన డిస్కేదో పెడతారు. అదీ పనిచేయదు. అందుకే ఈ నెల శీర్షికను దీనికే కేటాయిస్తున్నాను.

డిస్కు ఎందుకు పనిచేయడం లేదన్న విచారణకు ముందు, అది పనిచేస్తే ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. రికవరీ డిస్కు అంటే మరమ్మతు డిస్కు కాదు. కంపెనీ నుంచి వచ్చిన మొదటి రోజున ల్యాప్‌టాప్ ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితికి దాన్ని తిరిగి చేర్చడమే దాని పని. ఆ రోజు తర్వాత మీరు అందులో దాచుకున్న ప్రతి ఉత్తరం, ప్రతి ఫొటో చెరిగిపోతుంది. “డీ డ్రైవులో పెట్టాం కదా, దానికేం కాదు” అనుకోవద్దు. కొన్ని డిస్కులు సీ డ్రైవును మాత్రమే తుడుస్తాయి. కొన్ని హార్డ్‌డిస్కు మొత్తాన్నీ తుడిచి కొత్తగా విభజిస్తాయి. ఏది ఏ రకమో డబ్బా మీద రాసి ఉండదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. 2013లో నాతోపాటు పనిచేసే ఒక ఉపాధ్యాయుని ల్యాప్‌టాప్ ఇలాగే మొరాయిస్తే, నాకు తెలుసునన్న ధీమాతో రికవరీ నడిపించాను. గంటలోపే అది తళతళలాడుతూ లేచింది. ఆయన సంతోషించారు, టీ తెప్పించారు. మరునాడు వచ్చి, పిల్లవాడి చిన్ననాటి ఫొటోలు ఎక్కడున్నాయని అడిగారు. ఆ పిల్లవాడు అయిదో ఏట చనిపోయాడు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనివుంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఒకరి వస్తువు మన చేతికి వచ్చిందంటే అది అమానతు. ఆ వస్తువులో ఏముందో అడగకుండా దాని మీద చెయ్యి వేయడం నేను చేసిన తప్పు.

అందువల్ల ఈసారి ముందుగా అడిగాను. “బహెన్, ఇందులో ఏమేమున్నాయి?”

“ఏముంటాయి మౌల్వీసాబ్, శుభలేఖలు, టైపింగులు. అవన్నీ ఇప్పుడెవరికి కావాలి?” అన్నారామె. పక్కన నిలబడిన అమ్మాయి మెల్లగా అందుకుంది: “దాదా నోటుపుస్తకాలు ఉన్నాయి హజ్రత్. అబ్బా రాత్రులు కూర్చొని కొట్టేవారు.”

అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది. ఆ అమ్మాయి తాతగారు ఉర్దూ బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. మన ఇళ్ళలో, ముఖ్యంగా ఆడవారి నోట, వినిపించే దక్కనీ మాటలను, సామెతలను ఏళ్ళ తరబడి పోగుచేసి, ఎదురుగా తెలుగు అర్థాలు రాసుకొనేవారు. ‘నక్కో’, ‘కైకు’, ‘హౌ’ వంటి మాటలను అచ్చు ఉర్దూ చదువుకున్నవారు చిన్నచూపు చూస్తారని ఆయనకు కోపం. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచెత్తినప్పుడు ఆ నోటుపుస్తకాలు రెండు రోజులు బురదనీటిలో నానాయి. ఆరబెడితే పుటలు అతుక్కుపోయాయి, సిరా పాకిపోయింది. అవి పూర్తిగా నశించకముందే ఎక్కించాలని కొడుకు మరుసటి ఏడు ఈ ల్యాప్‌టాప్ కొన్నారు. కాగితాలు తర్వాత చెదపట్టి పోయాయట. అంటే ఆ పెద్దాయన శ్రమకు మిగిలిన ఒకే ఒక్క ప్రతి, లేవనంటున్న ఈ యంత్రంలోనే ఉంది. డిస్కు మొదటిసారే పనిచేసివుంటే అది కూడా మిగిలేది కాదు. తల్లి ముఖం పాలిపోయింది. ల్యాప్‌టాప్ నా దగ్గర వదిలి వెళ్ళమన్నాను.

ఇక పని సంగతి. ఆన్ చేయగానే ల్యాప్‌టాప్‌లో మొదట మేల్కొనేది విండోస్ కాదు, బయోస్ అనే చిన్న ప్రోగ్రాము. ఏ పరికరం నుంచి మొదలు కావాలో దానికొక వరుసక్రమం ఉంటుంది. హార్డ్‌డిస్కు ముందు, డీవీడీ తర్వాత అని ఉంటే, మీరు డిస్కు పెట్టినా అది అటు చూడకుండా హార్డ్‌డిస్కు దగ్గరే ఆగిపోవచ్చు. ఈ క్రమాన్ని మార్చడానికి ఆన్ చేసిన మొదటి క్షణాల్లోనే ఒక మీటను పదేపదే నొక్కాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో బయోస్‌కు ఎఫ్2. కొన్నింటిలో డిలీట్ లేదా ఎఫ్10. ఆ ఒక్కసారికి మాత్రం పరికరాన్ని ఎంచుకొనే చిన్న పట్టిక కోసం డెల్, లెనోవో, తోషిబా, ఏసర్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఆ తర్వాత ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఆ ఎఫ్12 పట్టికను ముందుగా బయోస్‌లో అనుమతించవలసి రావచ్చు. వీటికి తోడు ఇంకొక చిక్కు ఉంది. విండోస్ డిస్కులు చాలావరకు ‘ఏదైనా మీట నొక్కండి’ అని ఇంగ్లీషులో ఒక వరుస చూపి కొద్ది క్షణాలు మాత్రమే ఆగుతాయి. అప్పుడు నొక్కకపోతే డిస్కు లేనట్లే ముందుకు సాగిపోతాయి. సగం ఇళ్ళలో ‘డిస్కు పనిచేయడం లేదు’ అంటే అసలు సంగతి ఇదే.

ఈ ల్యాప్‌టాప్‌లో బయోస్ తెరిచి చూస్తే తేదీ 2010 జనవరి 1 అని ఉంది. అది వెంటనే ఒక విషయం చెబుతుంది. బయోస్ తన తేదీని, అమరికలను గుర్తుంచుకోవడానికి లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. చాలావాటిలో సీఆర్2032 అనే 3 వోల్టులది. అది నిండుకుంటే, మనం ఎంత ఓపికగా క్రమం మార్చి భద్రపరచినా, ఛార్జరు తీయగానే మొదటికి వస్తుంది. ఆ తల్లీకూతుళ్ళు ఎవరి సలహా మీదనో రెండుసార్లు క్రమం మార్చారట. రెండుసార్లూ అదే జరిగింది. బ్యాటరీని తర్వాత మార్చవచ్చునని ఎఫ్12 పట్టికతోనే డీవీడీని ఎంచుకున్నాను.

డిస్కు గిర్రున తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది, చివరికి నల్లటి తెర. తీసి చూస్తే నేను పెట్టింది 2/3. మార్కరు గీత చెరిగి రెండు ఒకటిలా కనిపించింది. నవ్వకండి, రికవరీ డిస్కుల్లో మొదటిది మాత్రమే యంత్రాన్ని లేపగలదు, మిగిలినవి అది అడిగినప్పుడు అందించే సరంజామా మాత్రమే. 1/3 పెట్టాను. అదే గిర్రు, అదే నలుపు.

ఇక్కడ ఒక మాట వివరిస్తాను. డిస్కులో ఫైళ్ళు ఉన్నంత మాత్రాన అది యంత్రాన్ని లేపదు. డిస్కు నుంచి కంప్యూటరు ఎలా లేవాలన్న నియమాన్ని ఫీనిక్స్, ఐబీఎం కంపెనీల ఇంజనీర్లు 1995లో రాసిపెట్టారు. దానికి ‘ఎల్ టొరిటో’ అని పేరు; కాలిఫోర్నియాలోని ఒక భోజనశాల పేరే దానికి పెట్టారంటారు. ఆ నియమం ప్రకారం బయోస్ డిస్కులోని 17వ నంబరు సెక్టారుకు వెళ్ళి, లేపే ప్రోగ్రాము ఎక్కడుందో అక్కడ చదువుకుంటుంది. ఆ ఒక్క చోటు లేకపోయినా, చదవరాకపోయినా మిగతా నాలుగు గిగాబైట్లూ ఉండి లాభం లేదు. ఎవరో ఇచ్చిన ఐఎస్‌ఓ ఫైలును మామూలు ఫైలులా డీవీడీకి ఎక్కించినవారికి అది ఎందుకు లేవదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. దాన్ని ‘ఇమేజ్’గా రాయాలి, విండోస్ 7లో ఆ ఫైలు మీద కుడి మీట నొక్కితే ఆ సదుపాయం కనిపిస్తుంది.

సరే, లోపం డిస్కులోనా, డ్రైవులోనా? ఈ ప్రశ్న తేలకుండా డబ్బు ఖర్చు పెట్టకూడదు. నా దగ్గర పప్పీ లినక్స్ సీడీ ఒకటి ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ అది; హార్డ్‌డిస్కును ముట్టుకోకుండా మెమరీలోకి ఎక్కి అక్కడే నడుస్తుంది. దాన్ని పెడితే ల్యాప్‌టాప్ చక్కగా లేచింది! అంటే బయోస్ బాగుంది, మెమరీ బాగుంది, డ్రైవు తిరుగుతున్నది. మరి డీవీడీనే ఎందుకు చదవదు? సీడీని చదివే కిరణం వేరు, డీవీడీని చదివే కిరణం వేరు. సీడీకి 780 నానోమీటర్ల పరారుణ కిరణం, డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రని కిరణం. ఒకే డ్రైవులో ఒకటి నీరసించి మరొకటి పనిచేస్తుండడం అరుదేమీ కాదు. పైగా డీవీడీ గీతలు సీడీ గీతల కన్నా సన్నం. కటకం మీద కొద్దిపాటి దుమ్ము పడినా ముందు మొరాయించేది డీవీడీయే.

మిగిలింది డిస్కును పరీక్షించడం. మా మద్రసా డెస్క్‌టాప్‌లో 1/3 పెట్టాను. అయితే దానికి ముందు ఆ డెస్క్‌టాప్ హార్డ్‌డిస్కు తీగను పీకి పక్కన పెట్టాను. రికవరీ డిస్కులు చాలావరకు తమ మోడలు కాని యంత్రంలో ముందుకు సాగవు. కానీ ఆ ‘చాలావరకు’ మీద ఆధారపడి మద్రసా లెక్కలను పణంగా పెట్టలేను. డిస్కు లేచి మొదటి తెర చూపించింది. చాలు, ఆపేశాను. డిస్కు బాగుంది, కటకమే మురికిపట్టింది.

ఇంట్లో రాసుకున్న డీవీడీలు దుకాణంలో అచ్చుపోసినవాటిలా దృఢమైనవి కావు. వాటిలో సమాచారం ఒక రంగుపూతలో ఉంటుంది. ఎండ, వేడి, తేమ దాన్ని హరిస్తాయి. ఈ మూడు డిస్కులు పదిహేనేళ్ళు దాటినా బతికి ఉన్నాయంటే చీకటి అలమరలో నిలబెట్టి దాచినందువల్లే. తుడవవలసి వస్తే మెత్తని బట్టతో నడుమ నుంచి అంచు వైపు నిలువుగా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడవకండి. సమాచారం డిస్కులో చుట్లు చుట్లుగా ఉంటుంది. చుట్టు వెంట గీత పడితే వరుసగా ఎంతో భాగం పోతుంది. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో రవ్వంత మాత్రమే చెరుపుతుంది, దాన్ని డ్రైవు సవరించుకోగలదు. కటకానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కొద్దిగా తడిపిన దూదిపుల్ల చాలు. ల్యాప్‌టాప్ డ్రైవు ట్రేను బయటికి లాగితే కటకం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. నొక్కకుండా, ఒక్కసారి మృదువుగా. అత్తరు వద్దు, కొబ్బరినూనె అసలే వద్దు. చెప్పానంటే కారణం ఉండే చెప్పాను.

కటకం తుడిచాక డిస్కు ల్యాప్‌టాప్‌లోనే లేచింది. కంపెనీ బొమ్మ, కింద పెద్ద మీట: మొదటి స్థితికి తీసుకెళ్ళమంటారా అని. నేను ఛార్జరు పీకేశాను.

మళ్ళీ పప్పీ సీడీ పెట్టి, లోపలి హార్డ్‌డిస్కు గుర్తు మీద నొక్కాను. ఫోల్డర్ల పేర్లు ఒక్కొక్కటే తీరుబడిగా వచ్చాయి. వాటిలో ‘అబ్బాజాన్’ అనే పేరు కనిపించింది. తెరవబోతే లోపల నుంచి టక్, టక్ అని శబ్దం. వినగానే యంత్రాన్ని ఆపేశాను. హార్డ్‌డిస్కు అలా టకటకలాడితే దాని సూది చోటు దొరకక వెతుక్కుంటున్నదని అర్థం. దాన్ని ఎంతసేపు నడిపితే అంత నష్టం. ఆ స్థితిలో చెక్‌డిస్క్ వంటి మరమ్మతు ప్రోగ్రాములు నడపకూడదు. అవి డిస్కు ఫైళ్ళ పట్టికను ‘బాగుచేసే’ పనిలో డిస్కును అటూ ఇటూ పరుగులు పెట్టించి, ఉన్న ఊపిరి కాస్తా తీస్తాయి. ఆమె మొదట తీసుకెళ్ళిన ఒక దుకాణంలో ‘ఫార్మాట్ చేస్తే సరిపోతుంది’ అన్నారట. వాళ్ళ దగ్గర ఆ రోజు జనం ఎక్కువగా ఉండి రేపు రమ్మన్నారు, ఆమె వెళ్ళలేదు.

ల్యాప్‌టాప్ అడుగున రెండు మరలు విప్పి హార్డ్‌డిస్కును బయటికి తీశాను. రెండున్నర అంగుళాల సాటా డిస్కు. దాన్ని యూఎస్‌బీకి కలిపే చిన్న తీగ ఏ కంప్యూటరు దుకాణంలోనైనా దొరుకుతుంది. ప్రతిని దించుకోవడానికి మా మేనల్లుని దగ్గర పెద్ద డిస్కు ఒకటి అరువు తెచ్చాను. డెస్క్‌టాప్‌ను సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్ పెన్‌డ్రైవుతో లేపి, అందులోని డీడీరెస్క్యూ అనే ఉచిత ఉపకరణాన్ని నడిపించాను. దాని పద్ధతి నాకు మెచ్చదగినదిగా తోచింది. తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ ముందు చదివేస్తుంది. కష్టమైన చోట మొండిగా కూర్చోక దాటిపోతుంది. అంతా అయ్యాక మిగిలిన చోట్లకు తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక పటంలో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. కానీ ఒక ప్రమాదం ఉంది. ఏ డిస్కు నుంచి ఏ డిస్కుకు అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద కూర్చుంటుంది. ఇక అడగడానికి ఎవరూ ఉండరు. రెండింటి పరిమాణాలు చూసి, కాగితం మీద రాసుకొని, ఆ అమ్మాయి చేత చదివించి, అప్పుడు ఎంటర్ నొక్కాను.

మొదటి రాత్రి గడిచేసరికి చాలా భాగం వచ్చేసింది. మిగిలిన కొంచెం కోసం రెండో రాత్రి కూడా నడిచింది. డిస్కు వేడెక్కకుండా కింద ఒక స్టీలు పళ్ళెం, పక్కన బల్ల ఫ్యాను. సహరీ వేళకు లేచినట్లు లేచి రెండుసార్లు చూసి వచ్చాను. తెల్లవారేసరికి కొద్ది మెగాబైట్లు తప్ప అన్నీ చేతికి వచ్చాయి.

ప్రతి దొరికింది, సరే. దాన్ని చదవాలి కదా! ఇది తెలుగు, ఉర్దూ రాసుకొనే ఇళ్ళకు ప్రత్యేకమైన తలనొప్పి. ఆయన ఉర్దూ భాగాన్ని ఇన్‌పేజ్‌లో, తెలుగు భాగాన్ని పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో కొట్టారు. యూనికోడ్ మన అలవాటులోకి రాకముందు తెలుగు అచ్చుపని ఎక్కువగా అలాగే సాగింది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలును తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. చూసినవారు ఫైలు పాడైందనుకొని చెరిపేస్తారు. దయచేసి చెరపకండి. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే ఉపకరణాలు ఉన్నాయి. ఒత్తులు, కొన్ని సంయుక్తాక్షరాలు తారుమారవుతాయి కాబట్టి పక్కన మనిషి కూర్చొని సరిచూడాలి. ఇన్‌పేజ్ కొత్త రూపాల నుంచి కూడా యూనికోడ్‌లోకి తీయవచ్చు. మా డెస్క్‌టాప్‌లో పాత ఇన్‌పేజ్ ఇంకా ఉంది; ఇంటర్నెట్ తగిలించకుండా అందుకోసమే ఉంచాను.

ఇక ల్యాప్‌టాప్. హార్డ్‌డిస్కు ఎటూ పోయింది కాబట్టి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని బిగించాం, బయోస్ బ్యాటరీ మార్చాం. ఫైళ్ళు భద్రంగా ఉన్నాయి, ఇప్పుడు రికవరీ డిస్కును నిశ్చింతగా నడపవచ్చుననుకొన్నాను. డిస్కు లేచింది, అంతా అడిగింది, చివరికి కొత్త డిస్కు సరిపోదని చెప్పి ఆగిపోయింది. పాతది 320 జీబీ. కొత్తది అంతకన్నా చిన్నది. పాత కొలతల ప్రకారమే విభజించాలని దానికి నేర్పిపెట్టారు మరి! పాత ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ బిగించి రికవరీ డిస్కు వాడదలచినవారు ఈ పరిమాణం సంగతి ముందే చూసుకోవాలి. మదర్‌బోర్డు మార్చినా డిస్కు ‘ఇది నా యంత్రం కాదు’ అనవచ్చు.

ఇతర యంత్రాల్లో ఎదురయ్యే చిక్కులు కూడా చెప్పి ముందుకు వెళతాను. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ల్యాప్‌టాప్‌లు బయోస్ స్థానంలో యూఈఎఫ్‌ఐతో, సెక్యూర్ బూట్ అనే కాపలాతో వస్తున్నాయి. వాటిలో పాత విండోస్ 7 డిస్కు పెడితే కాపలా అడ్డుకుంటుంది. ఆ అమరికల్లో సెక్యూర్ బూట్ ఆపి, లెగసీ లేదా సీఎస్‌ఎం అన్నది అనుమతించాలి. ఎక్స్‌పీ డిస్కు లేచినట్లే లేచి నీలితెర మీద 7బీ అనే అంకెతో ఆగితే, బయోస్‌లో సాటా విధానాన్ని ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చి చూడండి. డిస్కు సగంలో, ప్రతిసారీ వేరే చోట, ఆగిపోతుంటే మెమరీ పలకను తీసి, దాని అంచు తుడిచి, మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టండి. ప్రతిసారీ ఒకే చోట ఆగితే అనుమానం డిస్కు మీదకో హార్డ్‌డిస్కు మీదకో పోవాలి. డిస్కులు లేనివారికి హార్డ్‌డిస్కులోనే రికవరీ భాగం ఉండవచ్చు. హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్‌తో ఎఫ్10, ఆసుస్‌లో ఎఫ్9తో అది తెరుచుకొనేది. ఆ మీటలు పొరపాటున కూడా నొక్కకుండా పిల్లలకు చెప్పి ఉంచండి. డీవీడీ డ్రైవు పూర్తిగా చచ్చినచోట బయటి యూఎస్‌బీ డీవీడీ డ్రైవు అరువు దొరికితే పని జరిగిపోతుంది.

రికవరీ డిస్కు కాదన్నాక నాకు ఒక విధంగా బరువు దిగినట్లనిపించింది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఇవ్వడం 2020 జనవరి 14తో మానేసింది. అంటే ఆ డిస్కు గెలిచినా మనకు దక్కేది తలుపులకు గడియలు లేని ఇల్లు. చదువుకొనే ఆడపిల్ల చేతికి, ఇంటర్నెట్‌తో సహా, దాన్ని ఇవ్వడం నాకు ఇష్టం లేదు. లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవులోకి రూఫస్‌తో ఎక్కించి, దాన్నే స్థాపించాం. రెండు జీబీ మెమరీ దానికి బొటాబొటి. కాబట్టి మెమరీ పలక మరొకటి వేసి నాలుగు చేశాం. తెలుగు, ఉర్దూ రెండూ యూనికోడ్‌లో కొట్టుకోవచ్చు. అమ్మాయికి మొదటి రోజు కొత్తగా అనిపించినా మూడో రోజుకు నాకే ఏవో మీటలు నేర్పసాగింది.

‘అబ్బాజాన్’ ఫోల్డరును తల్లి సమక్షంలో తెరిచాం. అక్షరక్రమంలో ఒక్కో అక్షరానికి ఒక్కో ఫైలు. తెలుగు అర్థాల పక్కన అక్కడక్కడా కుండలీకరణాల్లో కొడుకు రాసుకొన్న మాటలున్నాయి: ఇక్కడ సిరా చెదిరింది, అబ్బాను అడగాలి, ఇది అమ్మీ వాడే మాట. ఒక చోట, ఈ సామెత నా భార్య చెప్పింది, అబ్బాకు తెలియదు అని ఉంది. ఆమె అది చదివి కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

చదవరాని ఆ కొద్ది మెగాబైట్లలోనే ఒక ఫైలు చిక్కుకొంది. ‘గాఫ్’ అక్షరంది. ఎన్ని విధాల ప్రయత్నించినా తెరుచుకోలేదు. పాత హార్డ్‌డిస్కును పారవేయకుండా కాగితంలో చుట్టి, మీద తేదీ వేసి ఇచ్చాను. ఎప్పుడైనా డబ్బు సమకూరితే శుభ్రమైన గదిలో డిస్కు విప్పి సమాచారం తీసే నిపుణులకు పంపవచ్చు. అందాకా ఆ తల్లి ‘గాఫ్’తో మొదలయ్యే మాటలు గుర్తుకు వచ్చినప్పుడల్లా కూతురికి చెబుతున్నారు, కూతురు కొడుతున్నది. నిన్న గురువారం వీధిలో కనిపించి, “హజ్రత్, నలభై అయ్యాయి. మీ ఇంట్లో దాదీని కూడా అడిగి చెప్పండి” అన్నది.

మా అమ్మను అడిగాను. ఆరు చెప్పింది.